బరంపురం ఇల్లు ఖాళీ లేదు

దయ్యాల నవలలు నేను పేర్చినన్ని మా రాజమండ్రిలో ఇంకెవరూ పేర్చి ఉండరు. పేర్చడమంటే రాయడం కాదు. ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు కంపోజిటర్‌గా పనిచేశాను. సీసపు అక్షరాలను గళ్ళపెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి, దయ్యాన్ని లైను లైనుగా పేర్చి, ప్రూఫులో అది పోగొట్టుకున్న కొమ్ములూ దీర్ఘాలూ మళ్ళీ దానికి తగిలించినవాణ్ణి. అలా చేతులారా తయారుచేసిన వస్తువంటే భయమెందుకుంటుంది? నాకు ఉండేది కాదు. చదివి భయపడేవాళ్ళను చూస్తే నవ్వొచ్చేది.

నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో జరిగింది. ప్రెస్సు నుంచి సైకిలు మీద తిన్నగా అక్కడికే వెళ్ళి, వాళ్ళు ఫ్యాన్లు కట్టేసేదాకా కూర్చునేవాణ్ణి. గ్రహణం ఎందుకు పడుతుందో, పూనకం ఎందుకొస్తుందో, ఎవరూ అనని మాటలు చెవికెందుకు వినిపిస్తాయో అన్నీ అక్కడే తెలుసుకున్నాను. మా వీధిలో ఎవరింట్లో ఏ వింత జరిగినా నన్ను పిలిచేవారు. నేను వెళ్ళి, అదేమిటో విడమరిచి చెప్పి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఇందులో కొంచెం గొప్ప కూడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఈ సంగతి రాస్తున్నది ఎలాంటి మనిషో ముందు తెలియాలి కదా.

తొంభైల చివర్లో మా ప్రెస్సు యజమాని రెండు కంప్యూటర్లు కొన్నాడు. సీసమంతా తూకానికి పోయింది. మేం ఆరుగురం ఇంటికి పోయాం. చేతికి కొంత డబ్బిచ్చాడు, అన్యాయమేమీ చెయ్యలేదు. నాకప్పటికి నలభై నాలుగేళ్ళు. పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. ఏ ప్రెస్సుకు వెళ్ళి అడిగినా నా కుర్చీలో కంప్యూటరే కూర్చుని ఉంది.

అప్పుడే లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అద్దెకిచ్చే ఇళ్ళ మీద పెట్టుబడి పెట్టడం గురించి. డిక్షనరీ పక్కన పెట్టుకుని నలభై రోజులు చదివాను. నాకర్థమైనంతలో దాని సారాంశం ఇది. ఇల్లు మనం ఉండే ఊళ్ళోనే కొనాలని ఏముంది? ధర తక్కువై, అద్దెలు బాగా వచ్చే చోటు పరాయి రాష్ట్రంలో ఉన్నా సరే, అక్కడే కొనాలి. చూసిపెట్టడానికి నమ్మకమైన మనిషినొకణ్ణి కుదుర్చుకోవాలి. రేపు ధర పెరుగుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి, నెలనెలా చేతికి ఏమొస్తుందన్నదే ముఖ్యం.

నా దగ్గరున్నదానికి రాజమండ్రిలో ఒక వసారా కూడా రాదు. ఒరిస్సాలో, బరంపురంలో, ఒక చిన్న డాబా ఇల్లొస్తుంది. మా ఆవిడ సత్యవతికి పినతండ్రి వరసైన అప్పన్నగారు అక్కడే ఉంటారు. ఇచ్ఛాపురం వైపు మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన ఇంటికి ఎదురుగానే ఆ డాబా అమ్మకానికొచ్చింది.

సత్యవతి అంతా విని, "మనమే అద్దె కొంపలో ఉంటూ ఒరిస్సాలో ఇల్లు అద్దెకిస్తామా అండీ?" అంది.

"పుస్తకంలో అలాగే ఉంది."

"ఆ రాసినాయన కూడా అద్దె కొంపలోనే ఉన్నాడా?"

అలా అంటూనే చేతి గాజులు తీసి ఇచ్చింది. ప్రెస్సు డబ్బుకు అవి కలిపి ఇల్లు కొన్నాం. ఇక మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఇంటి అద్దె రావాలి. వేరే ఆధారం లేదు. తర్వాత నేను చేసినదంతా దానికోసమే చేశాను కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

ఇల్లు పెద్దదేమీ కాదు. వీధి గది, దాని వెనక వంటగది, పక్కనొక పడకగది, పెరట్లో నుయ్యి. వీధి తలుపుకూ గేటుకూ మధ్య నాలుగడుగుల వసారా. మొదటి నెలలోనే అద్దెకు మనిషి కుదిరింది. సుభద్రమ్మ టీచర్ గారు. అక్కడి తెలుగు పిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. విజయనగరంలో ఒక మేనల్లుడు తప్ప నా అన్నవాళ్ళు లేరు. మాట్లాడబోయే ముందు ఒక్కసారి గొంతు సవరించుకునేవారు, క్లాసులోకి అడుగుపెట్టినట్టు.

ఆవిడ చేరిన రోజు నేను బరంపురం వెళ్ళాను. ఆవిడే పాలు పొంగించి, స్టీలు గ్లాసుల్లో పోసి నాకూ అప్పన్నగారికీ ఇచ్చారు.

"ఒక్క మాటండీ," అన్నారు. "ఇది నాకు తొమ్మిదో ఇల్లు. మీరు కూడా మధ్యలో ఖాళీ చెయ్యమంటారా?"

"మీరున్నన్నాళ్ళూ ఉండండి టీచర్ గారూ. ఒకవేళ అవసరమే వస్తే నేనే వచ్చి మీకు ఎదురుగా చెబుతాను. ఇంకొకరిచేత చెప్పించను."

"చాలు. ఎదురుగా చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు," అని నవ్వారు.

రెండేళ్ళ పాటు ప్రతి నెలా ఐదో తారీఖు లోపల మనియార్డరు వచ్చేది. అడుగున కూపన్ మీద గుండ్రటి అక్షరాలతో, "క్షేమం. నూతిలో నీళ్ళు బాగున్నాయి" అనో, "వసారా కప్పు కురవడం లేదు" అనో ఒక్క ముక్క ఉండేది. ఇల్లు తనదైనట్టు దాని కబుర్లు నాకు చెప్పేవారు. నేనా కూపన్లు పట్టుకుని లైబ్రరీకి వెళ్ళి, పాత ప్రెస్సు వాళ్ళకు చూపించి, చదువంటే ఇలా ఉపయోగపడాలి అని ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు నన్ను సలహా కూడా అడిగారు.

మూడో ఏడు ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్న, మా సందు చివర ఎస్టీడీ బూత్ నుంచి కబురొచ్చింది. వెళ్ళి ఫోనెత్తాను. అప్పన్నగారు.

"అల్లుడుగారూ, టీచరమ్మకి ఏటీ బాగోలేదండి. నాలుగు రోజులై ఆస్పత్రిలో ఉంది. ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆవిడ కూడా ఇంటికే తీసుకెళ్ళమంతాది."

"మేనల్లుడికి చెప్పారా?"

"టెలిగ్రాం కొట్టాను. ఇంకా దిగలేదు." గొంతు తగ్గించారు. "ఇంకోటండి. పంచాంగం చూశాను. రేపట్నుంచి ధనిష్ఠా పంచకం."

ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాలు నడిచే రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే, ఆ ఇల్లు మూసెయ్యాలంటారు మావాళ్ళు. నక్షత్రాన్ని బట్టి మూడు నెలలో, ఆరు నెలలో. ఆ తర్వాత తెరిచినా అద్దెకు ఎవరూ ఓ పట్టాన రారు. అసలు అద్దె ఇంట్లో మనిషిని పోనివ్వడానికే మా వైపు ఇంటివాళ్ళు ఒప్పుకోరు. ఊపిరుండగానే ఎక్కడికో చేర్పించేస్తారు. ఇది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఎవరూ దాన్ని తప్పనుకోరు.

నేను నక్షత్రాలను నమ్మను. అవి ఎంత దూరాన ఉన్నాయో, వాటి వెలుగు మన కంటికి చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో చదివినవాణ్ణి. కానీ అద్దెకొచ్చేవాళ్ళు నమ్ముతారు. వాళ్ళ నమ్మకం మీదే నా బతుకు ఉంది. బూత్‌లో నిలబడి, నేను ఆలోచించింది ఇదొక్కటే.

"ఇంటికి వద్దు మావయ్యగారూ. ఆర్నెల్లు మూసేస్తే మేం తినేదేమిటి? ఆస్పత్రి పక్కన ధర్మశాల ఉంది కదా..."

"ఏటి మాటండి అది! ఇంటికి, ఇంటికి అని కలవరిస్తా ఉంటే..."

"ఖర్చు నేనిస్తాను. మంచం వేయించండి, మనిషిని పెట్టండి. ఇంటికి మాత్రం వద్దు."

"సరే" అని పెట్టేశారు.

మూడోరోజు మధ్యాహ్నం టీచర్ గారు ధర్మశాల వసారాలో పోయారు. ఆ సాయంత్రానికి మేనల్లుడు దిగి జరగవలసింది జరిపించాడు. నేను వెళ్ళలేదు. సత్యవతితో ఆస్పత్రిలో పోయారని చెప్పాను. "పోన్లెండి, చూసేవాళ్ళున్న చోట పోయారు," అంది.

నెల దాటాక వెళ్ళి, ఇల్లు కడిగించి, సున్నం వేయించాను. ఇల్లు అద్దెకివ్వబడును అని తెలుగులో, ఒరియాలో, ఇంగ్లీషులో రాయించిన బోర్డు గేటుకు కట్టాను. తలుపులోనే ఇమిడిపోయే కొత్త తాళం బిగించి, ఒక తాళంచెవి అప్పన్నగారికిచ్చి, రెండోది నా దగ్గర ఉంచుకున్నాను.

రెండు నెలలైనా ఎవరూ చేరలేదు. అప్పన్నగారి కార్డులు మాత్రం వచ్చేవి. బ్యాంకులో పనిచేసే ఒకాయన భార్యతో వచ్చి, అటునుంచటే వెళ్ళిపోయాడట. బజార్లో కనిపించి, "ఖాళీ అన్నారు, లోపల మనుషులున్నారు కదండీ" అన్నాడట. పక్కింటి మాటలు విని పొరపాటు పడి ఉంటాడని జవాబు రాశాను. తర్వాత ఒక నర్సమ్మ. తలుపు తడితే లోపల్నుంచి ఎవరో పెద్దావిడ ఖాళీ లేదని చెప్పారట. ఆ తర్వాత టైపు నేర్పే ఒక మాస్టారు. ఆయనా అదే మాట. ఈ ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ముగ్గురూ వచ్చింది మధ్యాహ్నం, అప్పన్నగారు భోంచేసి నడుం వాల్చిన వేళ. ప్రతిసారీ ఆయన వెళ్ళి చూస్తే తాళం వేసినట్టే ఉంది, లోపల ఎవరూ లేరు.

నా బుర్రకు వెంటనే తట్టింది. ఎవరూ లేకపోవడమేమిటి, ఉన్నారు. అప్పన్నగారు నాకు తెలియకుండా ఎవరినో లోపల పెట్టి, అద్దె తాను తీసుకుంటున్నారు. ఇల్లు అడగడానికి వచ్చినవాళ్ళు నాకు ఉత్తరం రాస్తారేమోనని ముందే కథ అల్లి పంపిస్తున్నారు. దూరాన ఇల్లు కొన్నవాళ్ళకు మొట్టమొదట జరిగే మోసం ఇదేనని ఆ పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. సత్యవతితో అంటే, "మా చిన్నాన్ననా?" అని మొహం తిప్పేసుకుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. ఎవరికీ చెప్పకుండా బండెక్కాను.

పొద్దున్న ఎనిమిదింటికి స్టేషన్లో దిగి, తిన్నగా ఇంటికే వెళ్ళాను. బోర్డు ఉంది. తాళం వేసే ఉంది. నా తాళంచెవితో తీశాను. సున్నం వేసినప్పుడు నేల మీద పడిన చుక్కలు పడ్డట్టే ఉన్నాయి. వాటి మీద సన్నటి దుమ్ము. ఆ దుమ్ములో వీధి తలుపు నుంచి వంటగది దాకా వెళ్ళి తిరిగొచ్చిన ఒకే రకం చెప్పుల గుర్తులు. అవి ఎవరివో నాకు తెలుసు, రైల్వే వాళ్ళు తొడిగే మందపాటి చెప్పులు. పొయ్యి గట్టు మీద బూడిద లేదు. పెరటి తలుపుకు లోపల గడియ. తీసి చూస్తే నూతి చేద ఎండిపోయి ఉంది. మనిషి మసిలే ఇల్లు కాదది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అప్పన్నగారు.

"దొంగని పట్టుకుందామని వచ్చారా అల్లుడుగారూ?"

నేను తాళంచెవి జేబులో పెట్టుకున్నాను.

"చూసుకోండి, అటక మీద కూడా చూసుకోండి. నా జేబులు తియ్యమంతారా?"

అలా అన్నాక కూడా ఇంటికి తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టించారు. నేను తలెత్తకుండా తిన్నాను. ఆ మధ్యాహ్నం ఎవరో భార్యాభర్తలు ఇల్లు చూడటానికి వస్తామన్నారట. "మీరే కూర్చోండి లోపల. మీ చెవులతో మీరే వినండి. నేను రాను," అన్నారు.

పన్నెండున్నరకు వెళ్ళాను. ఇక్కడ ప్రతి వివరమూ జాగ్రత్తగా రాస్తున్నాను. పడకగది చూశాను, వంటగది చూశాను, అటక చూశాను. పెరటి తలుపుకు మళ్ళీ గడియ పెట్టి, చేత్తో లాగి చూశాను. వీధి తలుపుకూ లోపల గడియ పెట్టాను. నేను ఉండగా ఇంకొకరు లోపలికి వచ్చే దారి లేదు. పేపరు పరుచుకుని వీధి గదిలో తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. వీపు వంటగది వైపు ఉంది. కునుకు పట్టబోయేటప్పుడు మనిషికి లేని మాటలు వినిపిస్తాయని చదివాను కాబట్టి, ఆ సందు ఇవ్వకూడదని రెండో పేపరు విప్పి అక్షరం వదలకుండా చదువుతున్నాను. ఇరవై రెండేళ్ళ అలవాటు కదా, రెండు అచ్చుతప్పులు కూడా పట్టాను. అంత మెలకువగా ఉన్నాను.

ఒంటిగంట దాటాక గేటు చప్పుడైంది. రెండు జతల చెప్పులు వసారా ఎక్కాయి. గాజుల చెయ్యి తలుపు తట్టింది.

"ఏవండీ, ఇల్లు ఖాళీగా ఉందాండీ?" ఆడమనిషి గొంతు.

ఉందమ్మా, రండి అనడానికి నోరు తెరిచాను. సగం లేచాను కూడా.

నా వెనక, వంటగదిలో, ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒక్కసారి.

"లేదండీ. మనుషులున్నాం."

అరిచినట్టు కాదు, గొణిగినట్టూ కాదు. ఆఖరి బెంచీ దాకా వినబడేటట్టు.

"ఎప్పటికి ఖాళీ అవుతుందండీ?" బయట మగాయన అడిగాడు.

కొంచెం ఆగి, "ఖాళీ చెయ్యమని నాకెవరూ చెప్పలేదండీ," అంది ఆ గొంతు.

వెనక్కి తిరగడానికి మెడ మాట వినలేదు. తిరగకుండా ఉండటం అంతకన్నా భయంగా ఉంది, ఎందుకంటే వీపు మీద ఎవరో చూస్తున్నట్టుంది. వంటగది గుమ్మం నాకు మూడు బారల దూరం కూడా లేదు. అక్కణ్ణుంచి ఇంకే చప్పుడూ లేదు. మనిషి ఒక మాట అని, ఎదుటివాళ్ళ జవాబు కోసం ఆగుతుంది చూశారా, అలా ఉంది ఆ నిశ్శబ్దం. బయటివాళ్ళు వసారా దిగుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. అయినా ఆ ఆగడం ఆగలేదు. అప్పుడర్థమైంది, అది వాళ్ళ కోసం కాదు. ఎదురుగా చెబుతానన్నది నేను.

ఇప్పుడు చెప్పవచ్చు. ఒక్క వాక్యం. "టీచర్ గారూ" అని మొదలుపెట్టాలి. మొదలుపెట్టలేకపోయాను. పాకుతున్నట్టు తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆ గడియ తియ్యడానికి రెండు చేతులూ కావలసొచ్చాయి. సంచీ, చెప్పులు లోపలే వదిలేసి, మండే ఎండలో వట్టి కాళ్ళతో రోడ్డు మీద పడ్డాను.

ఆ భార్యాభర్తలు వీధి చివర రిక్షా బేరమాడుతున్నారు. పరుగెత్తుకెళ్ళి, మీతో లోపల్నుంచి ఎవరు మాట్లాడారని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అదేంటండీ, మీరూ అందులోంచే వచ్చారుగా. పెద్దావిడ. మీ అమ్మగారు కారా?"

"పాపం, పెద్దావిడకి చెప్పకుండానే బోర్డు కట్టేశారా?" అంది ఆయన భార్య.

అందుకే నేను దాన్ని నా భ్రమ అని కొట్టిపారెయ్యలేకపోయాను. భ్రమ ఒక మనిషి చెవిలో ఉంటుంది. తలుపుకు అవతల ఉన్న ఇద్దరు కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పదు.

అప్పన్నగారి అరుగు మీద కూర్చుని రెండు చెంబుల నీళ్ళు తాగాక అడిగాను. ఇంటికి వద్దన్నానని టీచర్ గారికి చెప్పారా అని.

"ఎలా చెప్తానండీ ఆ మొహం చూసి? ఎండ తగ్గాక ఇంటికెళ్దామమ్మా అన్నాను. మూడు రోజులూ అదే చెప్పాను. ఎండ తగ్గిందా, తగ్గిందా అని అడుగుతా ఉండేది." ఆయన తుండుతో మొహం తుడుచుకున్నారు. "ఓసారి లోపలికెళ్ళి చెప్పేయండి అల్లుడుగారూ. చెప్పాల్సింది మీరే."

"నేను ఆ గుమ్మం తొక్కలేను మావయ్యగారూ."

నా సంచీ, చెప్పులు ఆయనే వెళ్ళి తెచ్చారు. లోపల ఏమీ లేదన్నారు. ఆయనకెప్పుడూ ఏమీ వినిపించలేదు.

ఇంటికొచ్చి సత్యవతికి మొత్తం చెప్పాను, ఫోనులో నేనన్న మాటతో సహా. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టేసింది.

"ధర్మశాల అని మీరు నాకు చెప్పలేదు," అంది. చేట మళ్ళీ ముందుకు లాక్కుని, "ఆవిణ్ణి వెళ్ళమని ఇప్పుడు ఏ మొహంతో చెప్తామండీ? బోర్డు తీసెయ్యమనండి," అంది.

బోర్డు తీయించాను. అడిగేవాళ్ళు లేకపోయాక ఆ ఇంట్లోంచి జవాబూ రాలేదు. ఏ పంచాంగమూ చెప్పకుండానే ఇల్లు ఏడాదిన్నర మూతపడి ఉంది. నేను రెండు ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దే పని చూసుకున్నాను. సత్యవతి ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. ఖాళీ దొరికితే లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. శబ్దం గురించి, గోడల్లో ప్రతిధ్వని గురించి, మనసు గురించి, గుంపుగా కలిగే భ్రమల గురించి ఉన్నవన్నీ తిరగేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటీ ఆ వంటగది దాకా రాలేదు.

చివరికి అమ్మేద్దామనుకున్నాం. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు ఇద్దరు చిన్నపిల్లలున్న కుటుంబం, మేమడిగిన ధరే ఇస్తామన్నారు. వాళ్ళకు వద్దని చెప్పించాను. రెండో ఆయన ఒక బట్టల వ్యాపారి, గోడౌన్‌కు కావాలన్నాడు. ఇచ్చేది బాగా తక్కువ. అయినా ఆయనకే ఒప్పుకుని, ఉన్న సంగతంతా అప్పన్నగారిచేత ఒరియాలో చెప్పించాను. ఆయన పడీ పడీ నవ్వాడు. బట్టల మూటలు వచ్చి ఇల్లు ఖాళీగా ఉందా అని అడగవు కదా అన్నాడట.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఆ ఇంటి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఇవాళైనా చెప్పాలి. లోపలికి వెళ్ళనక్కర్లేదు, గేటు దగ్గర్నుంచి చెప్పినా వినిపిస్తుంది. గంటసేపు ఉన్నాను. సరేనండీ అని ఆ గొంతు జవాబిస్తే తట్టుకోగలనా అనుకున్నాను. అంతకన్నా, ఎక్కడికి వెళ్ళమంటారండీ అని అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చెప్పకుండానే వచ్చేశాను.

రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాసే ఆయన ఒరియాలో గబగబా చదువుతుంటే, అప్పన్నగారు నాకు తెలుగులో చెబుతున్నారు. హద్దులు, కొలతలు, నుయ్యి, అన్నీ అయ్యాయి. "ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు గానీ, ఇంకెవరు గానీ లేరనీ, ఇల్లు ఖాళీగా అప్పగిస్తున్నాననీ నేను ఒప్పుకుంటున్నాను," అని చెప్పి అప్పన్నగారు ఆగిపోయారు. కలం నా చేతికిచ్చారు.

నేను సంతకం పెట్టకుండా చూస్తూ ఉండిపోయాను. దస్తావేజు రాసే ఆయనకు విసుగొచ్చింది. వచ్చీరాని తెలుగులో, "ఏమి బాబూ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. బట్టల వ్యాపారి నావైపు చూశాడు. అప్పన్నగారు నేలవైపు చూస్తున్నారు. ఉన్నారంటే అమ్మకం ఆగిపోతుంది. ఆ డబ్బు కోసం రాజమండ్రిలో సత్యవతి ఎదురుచూస్తోంది.

"ఎవరూ లేరండీ," అన్నాను.

సంతకం పెట్టాను. ఆ గోడౌన్‌లో ఆ తర్వాత ఎవరికీ ఏమీ వినిపించలేదని అప్పన్నగారు రాశారు. అక్కడ అడిగేవాళ్ళు లేరు మరి. నేను సంతకం పెట్టిన ఆ వాక్యం నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.